ఓడ అద్దాల మీద ఉప్పు

సముద్రంలో శత్రువులు మందుపాతరలు వదిలిపెడితే, పెద్ద పెద్ద యుద్ధనౌకల కంటే ముందు ఒక చిన్న ఓడ వెళ్ళి, వాటిని ఏరేసి, దారి ఊడ్చిపెట్టి వస్తుంది. దాన్ని మైన్‌స్వీపర్ అంటారు. అలాంటి ఓడ బొమ్మ ఒకటి మూడేళ్ళు కూర్చుని చేశాను. అసలు ఓడలో డెబ్భై రెండో వంతు. రెండడుగుల పైచిలుకు పొడవు. పెట్టెలో వచ్చిన ముక్కలు అతికించింది కాదది. ప్లాస్టిక్ రేకులు కొలిచి కోసి, సన్నచెక్క చీల్చి డెక్కు పరిచి, పాడైన ఇయర్‌ఫోన్ తీగల్లోంచి రాగి పోగులు లాగి తాళ్ళు పేని, లైఫ్ బోటు నుంచి లంగరు దాకా నా చేత్తో చేసింది. ఇదంతా ఎందుకు చెప్తున్నావమ్మా, గొప్పకా అంటే, అవును, గొప్పకే. నా బదులు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

మాసబ్ ట్యాంక్ దగ్గర ఓ ప్రభుత్వ కార్యాలయంలో, డ్రాయింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. చేరిన కొత్తలో ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో గీతలు గీసేవాళ్ళం. నా అక్షరాలు చూసి ఇవి అచ్చు వేయించారా అని అడిగేవారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, నా చేతికి మౌస్ మిగిలింది. సాయంత్రం అమీర్‌పేటలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే చేతులు ఊరికే వేలాడుతూ, ఏదో మర్చిపోయి వచ్చినట్టు ఉండేది. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, ఓడలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. కానీ ఆ ఇష్టాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. అది మా అత్తగారి పళ్ళ వల్ల తెలిసింది.

అత్తగారికి కట్టుడు పళ్ళ సెట్టు చేయించాం. అది ఎంతకీ రాకపోతే డాక్టరు గారు విసుక్కుని, పంజాగుట్ట సందులో ఫలానా మేడ మీద ల్యాబ్ ఉంది, మీరే వెళ్ళి తెచ్చుకోండి అన్నారు. వెళ్ళాను. ఒకటే గది. గది నిండా ఘాటైన వాసన, తెల్లటి పొడి, బల్ల మీద వరసగా ఎవరెవరివో దవడలు. వాటి వెనక షెల్ఫు మీద అరచేతంత మిలిటరీ ట్యాంకు ఒకటి, బాగా దుమ్ము పట్టి ఉంది. అంత మంచి వస్తువుకి ఇంత దుమ్మా అని, ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళి ఉఫ్‌మని ఊదాను. పోలేదు. మళ్ళీ ఊదాను.

"పోదమ్మా, గది రంగు," అన్నాడు ల్యాబ్ ఆయన. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఇది మీరు చేశారా?"

"గా డబ్బాల పండ్ల సెట్టు సుత నేనే చేసిన. దాన్ని మాత్రం ఎవ్వరడగరు."

అందరూ ఆయన్ని అన్న అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. యాభై దాటిన మనిషి. నల్గొండ వైపు నుంచి చిన్నప్పుడే పనికోసం వచ్చి, పళ్ళు చేయడం నేర్చుకుని, ఆ చేత్తోనే ట్యాంకులు, జీపులు చేయడం సొంతంగా నేర్చుకున్నాడు. యూసుఫ్‌గూడలో ఇల్లు, పంజాగుట్టలో ల్యాబ్, ఆ రెంటి మధ్యే ఆయన లోకం. ఆదివారం పొద్దున ల్యాబ్ పని ఉండదు. ఆ పూట ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఏడెనిమిది మంది అక్కడ చేరేవారు. తొమ్మిదోదాన్ని నేను. ఆడదాన్ని నేనొక్కదాన్నే.

నాకు రంగు వేయడం నేర్పింది ఆయనే. మొదట్లో నేను చేసిన చిన్న ఓడలకి బీరువాకి వేసినట్టు ఒకటే బూడిదరంగు పట్టించి తీసుకెళ్ళేదాన్ని. ఆయన పంటి నమూనా ఒకటి తీసి చేతిలో పెట్టేవాడు. "సూడు చెల్లె. ఏ పన్నన్న తెల్లగున్నదా? మొదట్ల పసుపు, నడుమ తెలుపు, కొసకు నీలం. తెల్లగుంటె అది దొంగపన్ను. గట్లనే ఏ ఓడన్న ఒక్క రంగుండదు. ఎండకు ఏడ మాసిపోతది, నీళ్ళు ఏడ కారుతయ్, మనుషులు ఏడ తొక్కుతరు, అవన్ని సూసి వెయ్." అది విన్నాక నేను బస్సుల్ని, షట్టర్లని, మెట్రో స్తంభాల మీద కారిన వాన చారల్ని కూడా నిలబడి చూడటం మొదలుపెట్టాను. ఆఫీసులో నన్ను చూసి నవ్వుకునేవారు. నవ్వుకోనీ.

ఆ గదిలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా ఒక బొమ్మ పూర్తిచేసి తెస్తే, అన్న దాన్ని బల్ల మధ్యలో పెట్టి, దీపం దాని మీదకి వంచి, అందరి ముందూ అడిగేవాడు: "తప్పు ఏడున్నది?" చేసినవాళ్ళు తమ తప్పు తామే చూపించాలి. చూపించేదాకా ఎవరూ మెచ్చుకోకూడదు, టీ కూడా రాదు. తప్పేం లేదన్నా అని ఎవరైనా అంటే ఆ బొమ్మని గోడవైపు తిప్పి పెట్టేసేవాడు, మళ్ళీ ఆదివారం దాకా అంతే. "చేసినోనికి ఎరుకుంటది తప్పు ఏడున్నదో. ఎరుక లేనోడు చేసినోడు కాదు," అనేవాడు. కొత్తలో నాకు అవమానంగా అనిపించేది. తర్వాత్తర్వాత ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసేదాన్ని. నా తప్పు నేను చెప్పుకునే చోటు, చెప్పాక కూడా మర్యాద తగ్గని చోటు ఇంకెక్కడుంది? ఆఫీసులో ఉందా, అత్తారింట్లో ఉందా?

ఇక మా ఆయన సంగతి. ఇళ్ళు కట్టే కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగం, ఆఫీసు అమీర్‌పేటలోనే. చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే ఇంత పొడుగ్గా రాయాల్సిన పని ఉండేది కాదు. నా ఓడని ఆయన ఎప్పుడూ విరగ్గొట్టలేదు, వద్దనలేదు. కాకపోతే ఇంటికి ఎవరైనా వస్తే, "మా ఆవిడకి ఇదో పిచ్చి లెండి, పిల్లలు ఆడుకునే వయసులో ఆడుకోలేదేమో," అని నవ్వేవారు. వాళ్ళూ నవ్వేవారు. కూర మాడితే ఓడ, పాలు పొంగితే ఓడ. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీ క్రికెట్ చూస్తున్నప్పుడు మాడిన కూరల మాటేంటి?" అనేదాన్ని. అంతటితో అయిపోయేది.

ఓడ పూర్తయిన నెలలోనే ఆయన బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆరు వారాలు మంచం. ఓ శనివారం సాయంత్రం వాళ్ళ ఎండీ గారు పళ్ళ బుట్టతో చూడటానికి వచ్చారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. ముందుగదిలోంచి ఎండీ గారి గొంతు గట్టిగా వినిపించింది.

"ఓహో! కాలు విరిగి పాపం ఖాళీగా ఉన్నావనుకుంటే ఇదా నువ్వు చేస్తున్న పని? అద్భుతమయ్యా! ఇంత కళ ఉందని ఒక్కనాడు చెప్పలేదే!"

నేను ట్రే పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. ఎండీ గారు ఓడ ముందు వంగి నిలబడ్డారు. మా ఆయన నన్ను చూశారు. చూసి, అటు తిరిగి, "ఏదో సార్... టైంపాస్," అన్నారు.

మూడేళ్ళు. టైంపాస్.

కాఫీ ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను. ఎండీ గారు వెళ్ళాక తలుపు వేసి, "అదేంటండీ అలా అన్నారు?" అన్నాను.

"నేనేమన్నాను? ఆయనే అనుకున్నారు. అంత సంబరంగా మాట్లాడుతుంటే మధ్యలో కాదు సార్ అని ఎలా అంటాను? చిన్నబుచ్చుకోరూ?"

"ఆయన చిన్నబుచ్చుకోకూడదు. నేను చిన్నబుచ్చుకోవచ్చు."

"అబ్బా, ఒక్క మాటే. ఆయన మళ్ళీ మనింటికి వస్తారా, చూస్తారా? పదేళ్ళలో నా గురించి ఒక మంచి మాటన్నది ఇవాళే. పోనిద్దూ."

ఆ చివరి మాట నిజం. అది అన్నప్పుడు ఆయన ముఖం చూసి నాకు జాలేసింది. పోనిచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలి మీదే ఒళ్ళు మండుతుంది.

అన్నకి చాలా ఏళ్ళ నుంచి ఒక కోరిక. మా అందరి బొమ్మలూ కలిపి ఒక ప్రదర్శన పెట్టాలని. గది దొరికేది కాదు. దొరికినచోట ఇది పిల్లల బొమ్మల దుకాణమా అని అడిగేవారు. మా ఆయన కాలు బాగయి ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక, ఓ రోజు ఆయనే ఆ కబురు తెచ్చారు. వాళ్ళ కంపెనీ అమీర్‌పేటలో కట్టిన కాంప్లెక్స్‌లో కింది అంతస్తు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. మూడు రోజులు మా ప్రదర్శనకి వాడుకోమని ఎండీ గారు అన్నారట. నేను ఫోన్ చేసి చెప్తే అన్న నమ్మక రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, "బావకు నా తరఫున మొక్కు చెల్లె," అన్నాడు. నన్ను చెల్లె అన్నాడు కాబట్టి మా ఆయన్ని బావ అనేవాడు. మా ఆయన మాత్రం ఆయన్ని మాస్టారూ అనేవారు.

నాకు ఆ ప్రదర్శనలో కావలసింది ఒక్కటే. నా ఓడ ముందు నా పేరు రాసిన అట్ట. అంతే. బహుమతులు లేవు, ఎవరూ పెట్టలేదు కూడా. అందరి బొమ్మల ముందూ పెట్టే అట్టలు నేనే రాశాను. అటక మీంచి పాత ఇంకు పెన్నులు దింపి, వేడినీళ్ళలో నానబెట్టి, ఎన్నో ఏళ్ళ తర్వాత చేత్తో అక్షరాలు రాశాను. బొమ్మ పేరు, స్కేలు, కింద చేసినవాళ్ళ పేరు. పదిహేడు అట్టలు. నాది చిట్టచివర రాశాను, చెయ్యి బాగా తిరిగాక. మా అమ్మా నాన్నా పెట్టిన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా రాశాను. ఆఫీసు రిజిస్టర్‌లో తప్ప నా పేరు అంత పూర్తిగా ఎక్కడా ఉండదు. ఆరాక అన్నీ ఒక కవర్లో పెట్టి అన్నకి ఇచ్చాను. ఆయన నాది తీసి వెలుతురుకి పట్టుకుని చూసి, "ఓడ కన్న ఇదే మంచిగున్నది చెల్లె," అని ఏడిపించాడు.

ప్రారంభం రోజు పొద్దున ఓడని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాను. గతుకు వచ్చినప్పుడల్లా ఆటో అతను వెనక్కి తిరిగి, "పదిలమా మేడమ్?" అని అడిగేవాడు. ఓడని బల్ల మీద పెట్టి, అన్నకి అప్పజెప్పి, చీర మార్చుకుని వద్దామని ఇంటికి వచ్చాను. గంటన్నరలో తిరిగి వెళ్ళాను.

పదహారు అట్టలు నేను రాసినవి. పదిహేడోది కంప్యూటర్‌లో అచ్చు వేసింది, మెరిసే కాగితం మీద. దాని మీద మా ఆయన పేరుంది.

మొదట పొరపాటేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అట్ట చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి కూడా చూశాను. మా ఆయన గబగబా వచ్చి చేతిలోంచి తీసుకుని మళ్ళీ దాని చోట్లో పెట్టారు.

"ఎండీ గారు ఆఫీసంతా చెప్పేశారే. మా వాడే చేశాడు, అందుకే హాలు ఇచ్చాను అని. ఇప్పుడు వస్తున్నారు. నీ పేరు చూస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? మూడ్రోజులు. మూడంటే మూడు. తర్వాత నీ ఓడ నీదే."

"అన్నకి తెలుసా?"

"మాస్టారితో మాట్లాడాను. ఆయన సరేనన్నారు."

నేను నమ్మలేదు. మా ఆయన సంగతి తెలుసు కాబట్టి ఆయన మీద కోపం వచ్చింది, అంతే. అన్న సరేనన్నాడంటే మాత్రం నమ్మలేదు. నా చేతివేళ్ళకి ఎప్పుడు ఏ రంగు అంటిందో తెలిసిన మనిషి. పైగా ఆచారం ఒకటి ఉందిగా. ప్రారంభం రోజు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, అతిథుల ముందే ఆ ప్రశ్న అడగాలని ముందే అనుకున్నాం. అడగనీ, అనుకున్నాను. నా ఓడ దగ్గర ఆగి, తప్పు ఏడున్నదని అన్న అడిగితే ఈయన ఏం చెప్తారు? నీళ్ళు నములుతారు. అప్పుడు నేను చెప్తాను. అక్కడున్న వాళ్ళకి ఎవరు చేశారో అప్పుడు అర్థమవుతుంది. అన్న అందుకే సరేననుంటాడు అని కూడా నాకు నేనే చెప్పుకున్నాను. చూశారా నా పిచ్చి!

నా ఓడలో తప్పు ఏంటంటే, ముందువైపు ఓడ నడిపే గది అద్దాలు. పారదర్శకంగా ఉండే ముక్కల్ని సూపర్‌గ్లూతో అతికించకూడదు. ఆ జిగురు ఆరేటప్పుడు కంటికి కనపడని పొగ వస్తుంది, అది అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, ఇక పోదు. ఆ సంగతి మా గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఒకనాడు ఆఫీసుకి టైమైపోతోందని తొందరపడి రెండు అద్దాలు దానితోనే పెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే రెంటికీ పాలమీగడ కట్టినట్టు తెల్లటి పొర. ఏడుపొచ్చింది. పీకితే గది మొత్తం ఊడుతుంది. అందుకని ఆ తెలుపు కిందినుంచి సన్నగా చారలు దింపి, పక్క అద్దాలకి కూడా కొంచెం అద్ది, సముద్రపు నీళ్ళు కొట్టి ఉప్పు పేరుకున్నట్టు కప్పిపుచ్చాను. పూర్తయ్యాక మా ఆయన కాలు గొడవలో ఓడని పంజాగుట్ట గదికి తీసుకెళ్ళనే లేదు కాబట్టి అన్న ఇంకా అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్న జవాబు అది.

ఎండీ గారు వచ్చారు, వెనక ఆఫీసు వాళ్ళు పదిమంది. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడుస్తున్నాడు. మొదటి బల్ల: "తప్పు ఏడున్నది?" జీపు చేసిన కుర్రాడు టైరు మీద అతుకు గీత చూపించాడు, అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. రెండో బల్ల, మూడో బల్ల. ఒక్కొక్కరూ చూపిస్తున్నారు, ఎండీ గారు ముచ్చటపడుతున్నారు. నా ఓడ దగ్గరికి వచ్చారు. మా ఆయన దాని పక్కన నిలబడ్డారు. నేను రెండడుగుల అవతల ఉన్నాను.

అన్న ఓడకేసి చూశాడు. వేలితో వెనక జెండా కర్రని సరిచేశాడు, అది సరిగ్గానే ఉంది. తర్వాత బల్ల దాటి ముందుకెళ్ళి, పక్కనున్న ట్యాంకు ముందు ఆగి, "తప్పు ఏడున్నది?" అన్నాడు.

ఆయన అడగలేదు. నేను ఆ గదికి వెళ్ళిన ఆరేళ్ళలో ఎవరినీ వదలని మనిషి, పండక్కి కూడా వదలని మనిషి, నా ఓడని దాటేశాడు.

ఎండీ గారు మాత్రం కదల్లేదు. కళ్ళజోడు పైకి నెట్టి వంగి చూస్తున్నారు. "ఏమయ్యా, ఈ అద్దాల మీద ఉప్పు ఎలా తెచ్చావు? నిజంగా సముద్రంలోంచి వచ్చినట్టే ఉంది!"

మా ఆయన అద్దాలకేసి ఓసారి చూశారు. "ఉప్పే సార్. మామూలు వంటింటి ఉప్పు. నీళ్ళలో కలిపి బ్రష్‌తో వేశాను."

"ఉప్పేనా? ఏం మాస్టారూ, నిజమేనా?"

అన్న వెనక్కి తిరిగాడు. నన్ను చూడలేదు. "అవ్ సార్," అన్నాడు. "బావ చెయ్యి మస్తుంటది."

నా తొందరపాటు, నా ఏడుపు, నేను రాత్రిళ్ళు కూర్చుని దిద్దుకున్న తప్పు. అది కూడా నాకు మిగల్లేదు. ఇక ఆగలేకపోయాను. "ఉప్పు కాదండీ," అన్నాను. గొంతు నాకే గట్టిగా వినిపించింది. "అది జిగురు పొగ. తప్పు జరిగింది అక్కడ. తప్పుని ఉప్పులా రంగేసి కప్పారు."

అందరూ నాకేసి తిరిగారు. నేను అన్నకేసే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. అవునన్నా చాలు.

మా ఆయన నవ్వేశారు. "ఇదే సార్ మా ఇంట్లో రోజూ. నేనేం చేసినా మా ఆవిడకి తప్పే కనిపిస్తుంది."

హాలంతా ఘొల్లుమంది. ఎండీ గారు మా ఆయన భుజం తట్టి, అందరిళ్ళలోనూ అంతేనయ్యా అన్నారు. అన్న కూడా నవ్వాడు. కొంచెమే, కానీ నవ్వాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోయి ఒకటే హారన్లు. ఎంతసేపటికో అన్న రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. నేను టీ తీసుకోలేదు.

"జర విను చెల్లె. పొద్దుగాల్ల బావ వచ్చి అడిగిండు. కాదంటె హాలు పోతది. ఎనిమిది మంది ఎన్ని ఏండ్ల సంది ఎదురుచూస్తున్నరు, నీకు ఎరుకే. బావ ఇజ్జత్ సుత పోతది. ఇజ్జత్ పోయినంక ఇంట్ల నీకు మంచిగుంటదా? నువ్వు అర్థం చేస్కుంటవనుకున్న."

"ఆయన్ని ఏమీ అనను అన్నా. ఆయనకి ఓడంటే ఏంటో తెలియదు. మీకు తెలుసు కదా."

అన్న హాలు వైపు తిరిగి చూశాడు.

"పేరు మార్చారు, సరే. అట్టముక్కే, పోనీ. కనీసం ఆ ప్రశ్న ఎందుకు అడగలేదు? అడిగితే నేను చెప్పేదాన్ని కదా. నా చేత చెప్పించకూడదనేగా అడగలేదు?"

"అవ్," అన్నాడు చివరికి. ఆ మాట మాత్రం నిజం చెప్పాడు. టీ కప్పు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నేను మిగతా రెండు రోజులూ అటు వెళ్ళలేదు. ఆ తర్వాత పంజాగుట్ట గదికీ వెళ్ళలేదు. అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

మూడ్రోజులయ్యాక నా ఓడ నాకు వస్తుందన్న మాటేమయిందని అడుగుతారేమో. రాలేదు. ఎండీ గారు ముచ్చటపడ్డారట. వాళ్ళ రిసెప్షన్‌లో గాజు పెట్టె చేయించి పెట్టారు. కాదనలేకపోయానే అన్నారు మా ఆయన. కాదనడం ఆ మనిషికి ఎవరూ నేర్పలేదు, నా దగ్గర తప్ప. ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. పక్కింటివాళ్ళు టీవీ శబ్దం తగ్గించుకుని మరీ విన్నారు. ఆ తర్వాత ఇంట్లో అవసరమైన మాటలే మిగిలాయి. పాలు వచ్చాయా, గ్యాస్ చెప్పారా, అంతే.

రెండు నెలలకి ఆయన ఓ పెద్ద పెట్టె మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. ఎండీ గారు ఫారిన్ వెళ్ళి తెచ్చిన ట్యాంకు కిట్టు. ముక్కలు ముక్కలుగా వస్తుంది, అతికించి రంగు వేయాలి. "నీ చేత్తోనే చేసివ్వు, నా టేబుల్ మీద పెట్టుకుంటాను అన్నారు," అని, కాస్త ఆగి, "తొందరేం లేదు, నీ వీలుని బట్టి..." అని నసిగారు.

"నా వీలేంటి? మిమ్మల్ని కదా చెయ్యమన్నారు. చెయ్యి మస్తుంటుందట కూడాను."

పౌరుషం వచ్చింది. "ఏం, చెయ్యలేననుకున్నావా? ఎలా చెయ్యాలో బొమ్మలేసి చూపించే కాగితం పెట్టెలోనే ఉంది. చదువుకున్నవాణ్ణే నేనూ," అన్నారు. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, టిఫిన్ తిని, పేపర్లు పరిచి కూర్చున్నారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి కిట్టులో చిన్న చిన్న ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ఉంటాయి. ఏ ముక్క ఏదో చెప్పే నంబరు ముక్క మీద ఉండదు, పక్కన చట్రం మీద ఉంటుంది. అందుకని ఎప్పుడు ఏది కావాలో అప్పుడు ఆ ఒక్కటే కోసుకోవాలి. అన్నీ ఒకేసారి కోసేస్తే ఇక ఎడమదేదో కుడిదేదో తెలియదు, వెంట్రుకవాసి తేడాతో ఒకేలా ఉండే ముక్కలు వందలుంటాయి. ఈ పని తెలిసినవాళ్ళెవరూ చెయ్యని తప్పు అది. తెలియనివాళ్ళందరూ మొట్టమొదట చేసే తప్పు కూడా అదే.

ఆయన కత్తెర తీసుకుని మొదటి ముక్క కోశారు. పక్కన పెట్టారు. రెండోది కోశారు. మూడోది. చక్కగా, ఓపిగ్గా, చిక్కుడుకాయలు వలిచినట్టు మొత్తం చట్రం ఖాళీ చేసి, ఇంకోటి తీశారు. నాకు నోటిదాకా వచ్చింది. ఆగండి, నంబర్లు చూడండి అని రెండు మాటలు చాలు. ఆ రోజు బల్ల దగ్గర జెండా కర్ర సరిచేస్తున్నప్పుడు అన్నకి కూడా ఇలాగే నోటిదాకా వచ్చి ఉంటుందా అనుకున్నాను. అనుకుని కూడా నోరు మూసుకునే కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. గంటన్నర పట్టింది ఆయనకి. ముక్కలన్నీ స్టీలు పళ్ళెంలో కుప్ప పోసి, ఖాళీ చట్రాలు కవర్లో కట్టి, ఎన్నడూ లేనిది తానే కిందికెళ్ళి చెత్తబండిలో వేసి వచ్చారు.

తర్వాత కాగితం విప్పి చూసుకున్నారు. పళ్ళెంలో వేలుపెట్టి కెలికారు. మళ్ళీ కాగితం చూశారు. నాకేసి చూడకుండా ఫోన్ తీసి అన్నకి చేసి, స్పీకర్‌లో పెట్టి, బల్ల మీద ఉంచారు.

"మాస్టారూ, ముక్కలన్నీ కోసి రెడీగా పెట్టానండీ. కాగితంలో నంబర్లున్నాయి గానీ ముక్కల మీద ఎక్కడా లేవు. ఇప్పుడెలా?"

అన్న మొదట అడిగింది ఆ చట్రాల గురించే.

"ఫ్రేములు ఏడున్నయ్ బావా?"

"అవా? చెత్తబండికి వేసేశా."

"చెల్లె ఇంట్ల లేదా?"

"లేకేం, ఇదిగో, ఎదురుగానే ఉంది. పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చుంది."

"నువ్వు కోస్తాంటె సూసిందా?"

"చూసింది."

"ఏమన్లేదా?"

"లేదండీ. ఒక్క మాట కూడా అనలేదు."

అవతల అన్న ఫోన్ పెట్టేశాడు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సిగ్నల్ పోయినట్టుంది," అన్నారు.

నేను కాదనలేదు.